చప్పుడు వినిపించిన చోట విమానం ఉండదు

తిరుపతి వెళ్ళి కొండ ఎక్కకుండా వచ్చానంటే భీమవరంలో మా వీధి వాళ్ళు ఇప్పటికీ నన్ను అదోరకంగా చూస్తున్నారు. లడ్డూ తేలేదని తెలిసి పక్కింటావిడ రెండు రోజులు మాట్లాడలేదు. నేను వెళ్ళింది దేవుడి కోసం కాదు, ఆకాశం కోసం. ఇంకా తిన్నగా చెప్పాలంటే, ఆకాశంలో చీమంత కనిపిస్తూ పోయే విమానాల ఫొటోల కోసం.

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కున్నాను. లెన్సులు మార్చే బాధ లేకుండా, ఉన్న ఒక్క గొట్టమే జానెడు సాగి ఎక్కడో ఉన్నదాన్ని మన ముంగిట్లోకి లాక్కొచ్చే రకం. సూపర్‌జూమ్ అంటారు. మొదట కొల్లేరు వెళ్ళి పక్షుల వెంట పడ్డాను. నేను బటన్ నొక్కే లోపు అవి లేచిపోయేవి. వాటికి నా వయసు మీద గౌరవం లేదు. విమానం నయం, కనీసం తిన్నగా పోతుంది కదా అనుకున్నాను.

మా వైపు ఆకాశం దీనికి పనికిరాదు. చెరువుల మీద ఆవిరి, ఎటు చూసినా కొబ్బరి మట్టలు, మిగిలిన చోట కరెంటు తీగలు. చిత్తూరు వైపు వానలు వెనక్కి తగ్గాక ఆకాశం తుడిచిన పలకలా ఉంటుందనీ, చెన్నైకి వచ్చేవీ పోయేవీ చాలా విమానాలు ఆ పైనుంచే వెళ్తాయనీ ఒక పాత విద్యార్థి చెప్పాడు. కార్తీకమాసం దాటగానే మావారికి నాలుగు రోజులకి సరిపడా కందిపొడి కొట్టి పెట్టి రైలెక్కాను. పక్షులైపోయాయి, విమానాలు మొదలయ్యాయి, తర్వాత గ్రహాలా అని ఆయన గుమ్మంలో నిలబడి అడిగారు.

తిరుపతి: మేడ మీద మొదటి రోజు

స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాను. రోజుకి తొమ్మిది వందలు, వేడినీళ్ళు ఎనిమిదింటి దాకానే. మేనేజరు రెడ్డెప్పకి నుదుట అడ్డనామాలు, చెవి వెనక పెన్ను. దర్శనం టికెట్టు ఉందా అని అడిగాడు. దర్శనానికి కాదు, పైన పోయే విమానాలని ఫొటో తీయడానికి వచ్చానని చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మంచి పని చేస్తున్నారమ్మా అన్నాడు.

ఎందుకు మంచి పనో నాకు తర్వాత అర్థమైంది. కొండ మీదుగా విమానాలు పోకూడదని అక్కడివాళ్ళ పట్టుదల. ఎప్పుడైనా ఒకటి పోయిందంటే మర్నాడు ఊరంతా అదే మాట. నేను ఆ సాక్ష్యాలు పోగుచేస్తున్న మనిషినని ఆయన అనుకున్నాడు. మేడ తాళంచెవి చేతిలో పెట్టి, రెండుసార్లు ఫిల్టర్ కాఫీ పంపించాడు. మధ్యాహ్నానికి నా మనసు ఒప్పక, సరదా కోసం తీస్తున్నానని చెప్పేశాను. మర్యాద తగ్గలేదు గానీ కాఫీ ఆగిపోయింది.

కాఫీ తాగినంత సులువుగా ఫొటోలు రాలేదు. రేణిగుంటలో దిగే విమానాలు బస్సుల్లా కిందుగా వస్తాయి, వాటిని ఎవరైనా తీస్తారు. నాకు కావలసినవి పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోయేవి. పైనుంచి గుయ్యిమని చప్పుడు రాగానే కెమెరా ఎత్తడం, గొట్టం మొత్తం సాగదీయడం, చప్పుడు వచ్చిన వైపు తిప్పడం, బటన్ నొక్కడం. పొద్దుటి నుంచీ అదే పని. నలభై మూడు ఫొటోలు తీశాను.

సాయంత్రం కపిలతీర్థం రోడ్డులో నడుస్తూ మళ్ళీ ఒక చప్పుడు వింటే కెమెరా ఎత్తాను. ఒక కానిస్టేబుల్ వచ్చి ఆపాడు. ఆ చుట్టుపక్కల డ్రోన్లు ఎగరేయకూడదు, అందుకని కెమెరా పట్టుకుని పైకి చూసేవాళ్ళ మీద వాళ్ళకి ఒక కన్ను ఉంటుంది. ఏం తీశారో చూపించమన్నాడు. ఒక్కొక్కటే ముందుకి జరిపాను. నీలం. నీలం. నీలం. ఒకచోట పావురం రెక్క, మళ్ళీ నీలం. ఇరవై దాటాక ఆయన ముఖంలో అనుమానం పోయి జాలి వచ్చింది.

"ఇంత దూరం వచ్చి ఉత్త ఆకాశం తీసుకోని పోతా ఉండారేందమ్మా" అన్నాడు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. పక్కన అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. మెరుపు ముందు కనిపిస్తుంది, ఉరుము తర్వాత వినిపిస్తుంది అని ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన మనిషిని నేను. అంత ఎత్తు నుంచి చప్పుడు కిందికి రావడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఆ అర నిమిషంలో విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకి వెళ్ళిపోతుంది. చప్పుడు వినిపించిన చోట విమానం ఉండదు, ఉన్నది దాటిపోయిన ఆకాశమే. పాఠం చెప్పడం వేరు, మెడ తిప్పడం వేరు.

మర్నాడు పొద్దున్నే మేడ మీద ఆ తప్పు దిద్దుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను తిన్న దెబ్బలు పనికొస్తాయి కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చప్పుడు వచ్చిన వైపు కాకుండా, అది ఎటు జరుగుతోందో చూసి దానికి చాలా ముందుకి వెతకాలి. అసలు చప్పుడు కోసం ఆగకుండా, విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఫోన్లో పెట్టుకుంటే ఇంకా మేలు. ముందు కళ్ళతో పట్టుకోవాలి, తర్వాత గొట్టం సాగదీయకుండా కెమెరాలో పట్టుకోవాలి, అప్పుడు మెల్లిగా దగ్గరికి లాగాలి. మొదటే మొత్తం సాగదీస్తే గడ్డివాములో సూది వెతికినట్టే. ఒట్టి నీలం మీద కెమెరా ఫోకస్ కుదరక ముందుకీ వెనక్కీ గింజుకుంటుంది. అందుకని దూరపు కొండ అంచు మీద ఫోకస్ కుదుర్చుకుని దాన్ని అక్కడే బిగించెయ్యాలి. షట్టరు వేగం వెయ్యిలో ఒక వంతు సెకను కన్నా తగ్గనివ్వకూడదు. తెల్ల విమానం ఎండలో రూపం పోయి సున్నం ముద్దలా రాకుండా వెలుతురు ఒక మెట్టు తగ్గించుకోవాలి. పది దాటితే నేల వేడెక్కి గాలి వణుకుతుంది, ఫొటో నీళ్ళలో తీసినట్టు వస్తుంది. సూర్యుడి దగ్గరికి మాత్రం ఆ గొట్టాన్ని ఎప్పుడూ తిప్పకండి, కెమెరా పోతే కొనుక్కోవచ్చు, కన్ను పోతే కష్టం.

ఇన్ని పాటించాక ఒక విమానం దొరికింది. మసగ్గా, ముక్కు ఎటో తోక ఎటో తెలియకుండా. అయినా దాన్ని రెడ్డెప్పకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, ఇది కొండ మీద పోలేదుగా అని రూఢి చేసుకుని, మంచిది కావాలంటే కార్వేటినగరం పొమ్మన్నాడు. చెన్నై నుంచి పడమటి దేశాలకి పోయేవి ఆ పక్కగా పైకి లేస్తాయట, ఇంకా మరీ ఎత్తుకి పోయి ఉండవట, చుట్టూ గుట్టలే గానీ తీగలు లేవట.

పుత్తూరు బస్సు

రెండు రోజులు పైకి చూసి చూసి మెడ బిగుసుకుపోయింది. బస్సులో తల పక్కకి తిప్పలేక మనిషి మొత్తం తిరుగుతుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ గమనించింది. ఒళ్ళో సంచి నిండా చింతకాయలు. పుత్తూరు కట్టుకేనా అని అడిగింది. విరిగిన ఎముకలకి ఆకుపసరుతో కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరికి వస్తారు. ఎముక విరగలేదు, విమానాలు చూసి మెడ పట్టిందని చెప్పాను. "సూసేదానికి అంతగనం ఏముండాదమ్మా ఆడ" అంది. దిగేటప్పుడు రెండు చింతకాయలు నా చేతిలో పెట్టి పోయింది.

పుత్తూరులో గది తీసుకుని, సంచి పడేసి, మధ్యాహ్నానికి కార్వేటినగరం చేరాను. దారంతా మామిడి తోటలు, వాటి వెనక బోడి గుట్టలు. మా వైపు నేల ఎంత చదునంటే ఎవరైనా వస్తుంటే మైలు దూరం నుంచి తెలుస్తుంది. ఇక్కడ ప్రతి మలుపు దగ్గరా ఒక కొండ అడ్డం పడి, దాటాక గానీ అవతల ఏముందో చెప్పదు.

కార్వేటినగరం: కారం దోశ

ఒకప్పుడు సంస్థానం ఏలిన ఊరు. రాజుల కోట గోడలు, మహలు శిథిలాలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. వాటి నీడలో మేకలు పడుకుంటాయి. అక్కడికి దగ్గర్లోనే చెంగల్రాయులు టిఫిన్ అంగడి. నాలుగు బెంచీలు, ఒక పెద్ద పెనం. నలభై ఐదేళ్ళ మనిషి, సన్నగా ఉంటాడు, కుడి మణికట్టు మాత్రం వస్తాదుది. కారం దోశ పాతిక రూపాయలు. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి జల్లి ఇచ్చాడు. మా గోదావరి నోటికి మొదటి ముక్కకే కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండోది కూడా వెయ్యమన్నాను.

మా వైపు మాట మాటకీ అండీ అంటాం. అది లేకపోతే మనిషి అలిగాడనో తిట్టాడనో అనుకుంటాం. చెంగల్రాయులు ఒక్క అండీ కూడా అనకుండా, కూర్చో మేడం, తిను మేడం అంటుంటే మొదట చివుక్కుమంది. కానీ నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు, నేను తినేదాకా మళ్ళీ పెనం వైపు పోలేదు. వాళ్ళ మర్యాద మాట చివర ఉండదు, చేతిలో ఉంటుందని తెలుసుకున్నాను.

నా మెడలో కెమెరా చూసి, శ్రీహరికోట రాకెట్టు కోసమా అని అడిగాడు. రాకెట్టు వదిలిన రోజు ఇక్కడికి కూడా గీతలా కనిపిస్తుందట. రాకెట్టు కాదు, పైన పోయే విమానాలు అన్నాను. అట్లకాడ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"రేపు పొద్దున ఒక విమానం పోతాది మేడం. దాన్ని తీస్తావా?" అన్నాడు.

ఆ తర్వాత పెనం మీద ఉన్నది తీసేసి, మంట తగ్గించి, ఎదురు బెంచీ మీద కూర్చుని చెప్పాడు. ఆయన భార్య పేరు సెల్వి. ఆరేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. ఇల్లు కట్టుకున్నది ఆ జీతంతోనే. ఏడాదికోసారి నలభై రోజులు వచ్చి పోతుంది. మొదటిసారి పంపించడానికి చెన్నై ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాడట. గేటు దగ్గర ఇద్దరూ ఏడ్చేసరికి చుట్టూ జనం చేరారు, ఇంకెప్పుడూ రావొద్దని ఆవిడ ఒట్టు పెట్టించుకుంది. బదులుగా వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. విమానం ఊరి పక్కగానే పోతుంది కాబట్టి ఆవిడ ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. ఈయన ఊరి వెనక గుట్ట ఎక్కి, పెళ్ళిలో పెట్టిన స్టీలు తాంబాళాన్ని ఎండకి తిప్పి మెరిపించాలి. కిందనుంచి ఆ మెరుపు కనిపిస్తే, మనవాడు అక్కడ ఉన్నాడని ఆవిడ ధైర్యంగా పోవాలి.

ఆరేళ్ళలో ఒక్కసారీ ఆ మెరుపు ఆవిడకి కనపడలేదు. మొదట్లో నవ్వేసేది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఈసారి వచ్చినప్పుడు మాట ముదిరింది. నువ్వు గుట్ట ఎక్కవు, అంగడి వదిలి రావడానికి నీకు మనసొప్పదు, పెనం దగ్గర కూర్చుని ఎక్కినానని నాకు కథలు చెప్తావు అని ఆవిడ అంది. ఆయన బిడ్డల మీద ఒట్టు వేశాడు. ఆవిడ నమ్మలేదు. నిన్న తన తమ్ముడితో చెన్నై వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి, "ఈ తూరీ కనపడకపోతే ఇంక ఆ మాట నాకు చెప్పొద్దు" అని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

"నువ్వు ఫొటో తీసిస్తే నేను ఆడ ఉన్నానని సాక్ష్యం ఉంటాది గదా మేడం. అది సూపిస్తే నమ్ముతాది" అన్నాడు.

నిజం చెప్తే ఆ మాటకి నాకు లోపల సంతోషమే కలిగింది. మూడు రోజుల్లో ఒక్క మంచి ఫొటో లేదు. ఇంకా పైకి పూర్తిగా లేవని పెద్ద విమానం, పొద్దుటి గాలి, తెలిసిన సమయం, ఇంతకన్నా ఏం కావాలి. సరేనన్నాను. ముందు ఆ గుట్ట చూపించమన్నాను.

గుట్ట మీద సాయంత్రం

నాలుగున్నరకి ఎక్కాం. ఆయన భుజాన గోనెసంచిలో తాంబాళం. చేటంత వెడల్పు, అడుగు అద్దంలా చదును. ముందు రోజే చింతపండుతో తోమి పెట్టుకున్నాడు. మధ్యలో కాలు జారి ముళ్ళకంప మీద కూర్చున్నాను. ఆయన అటు తిరిగి నిలబడి, నేను చీర దులుపుకునేదాకా నా వైపు చూడలేదు.

పైన బండ మీద కూర్చోగానే ఎక్కడో చప్పుడు మొదలైంది. ఆయన చటుక్కున లేచి, తాంబాళం రెండు చేతులా ఎత్తి, చప్పుడు వచ్చిన వైపు తిరిగి, ఎలా చేస్తాడో నాకు చూపించడానికి అటూ ఇటూ తిప్పాడు. ముఖం నిండా శ్రద్ధ. నేను ఆయన వైపు చూడలేదు. ఆ చప్పుడుకి చాలా ముందు, ఉత్తరంగా, వెలుతురులో తెల్లగా జారిపోతున్న చుక్కని చూస్తున్నాను. ఆయన వీపు దానికి సగం తిరిగి ఉంది.

ఎలా చెప్పాలో తెలియక కెమెరా తీసి తిరుపతి ఫొటోలు చూపించాను. నలభై మూడు నీలాలు. ఇవన్నీ నేను చప్పుడు వైపు తిరిగి తీసినవి అని చెప్పాను. చప్పుడు ఆలస్యంగా వస్తుందనీ, మనం వినేటప్పటికి విమానం అక్కడ ఉండదనీ, అదిగో ఇప్పుడు కూడా చూడమనీ వేలు పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు వెతికి ఆ చుక్కని పట్టుకున్నాడు. అది కొండ వెనక్కి పోయేదాకా చూశాడు. తర్వాత తాంబాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అయితే ఇన్నేండ్లూ నేను ఎవురికి సూపిస్తా ఉన్నా మేడం?"

పొద్దు ఇంకా గంట ఉంది. లేవండి చెంగల్రాయులు గారూ, నేర్చుకుందాం అన్నాను. ఊరికే తాంబాళం ఆడిస్తే మెరుపు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఎడమ చెయ్యి బారుగా చాచాలి, రెండు వేళ్ళు విడదీయాలి, ఆ సందులో విమానం కనపడాలి. కుడి చేత్తో తాంబాళాన్ని చెంప పక్కన పట్టుకుని, దాని తళుకు ఆ రెండు వేళ్ళ మీద పడేలా తిప్పాలి. వేళ్ళ మీద పడిందంటే వాటి సందులోంచి విమానానికీ పోతున్నట్టే. మొదట కింద కనిపిస్తున్న కోట గోడ మీద నేర్పించాను. వెలుతురు ముద్ద గోడ మీద పిచ్చిగా పరిగెత్తింది, ఒక మేక మీద పడి అది లేచి పోయింది. పావుగంటలో మణికట్టు కుదిరింది. దోశ పిండి గుండ్రంగా తిప్పే చెయ్యి కదా, నా విద్యార్థుల్లో ఇంత త్వరగా నేర్చుకున్నవాళ్ళు తక్కువ.

కిందికి దిగాక ఆయన సెల్వికి మాటలు రికార్డు చేసి పంపాడు. రేపు ఎడమ పక్కన కూర్చో, చప్పుడు సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలీదు అని. ఆవిడ విందో లేదో తెలియలేదు.

ఆ పొద్దున

మొదటి బస్సుకి పుత్తూరు నుంచి వచ్చేసరికి అంగడి మూసి ఉంది. ఆ వీధిలో అది వింతే. టిఫిన్‌కి వచ్చినవాళ్ళు మూసిన తలుపు ముందు నిలబడి, ఒంట్లో బాగాలేదేమోనని మాట్లాడుకుంటున్నారు. ఆయన నాకోసం పొట్లం కట్టి తెచ్చిన ఇడ్లీలు గుట్ట మీద తిన్నాం. ఆయన ఒకటి తిని పక్కన పెట్టేశాడు.

ఎండ బాగా వచ్చింది. సూర్యుడు మాకు కుడి వైపు, విమానం దాటాల్సింది ఎదురుగా కొద్దిగా ఎడమకి. నేను దూరపు కొండ అంచు మీద ఫోకస్ బిగించుకున్నాను, మోచేతులు బండకి ఆనించుకున్నాను, చేయవలసినవన్నీ చేశాను. ఎనిమిదిన్నర దాటాక యాప్‌లో ఆ విమానం చెన్నైలో లేచింది. అంగుళం అంగుళం జరుగుతూ తిరుత్తణి దాటింది. ఇప్పుడు, సూర్యుడి కిందుగా వస్తుంది, చప్పుడు కోసం ఆగొద్దు అన్నాను.

కళ్ళతో నేనే ముందు పట్టుకున్నాను. కెమెరా ఎత్తాను, మెల్లిగా దగ్గరికి లాగాను. మసక తెల్లటి ముద్ద వచ్చి కుదురుకుంటోంది. తోక మీద ఏదో రంగు, రెక్క కింద రెండు ఇంజన్లు, ఇంకో రెండు మూడు సెకన్లు ఆగితే గీసినట్టు వచ్చేది. నాలుగు రోజుల్లో అంత దగ్గరగా ఏదీ రాలేదు.

"యాడ మేడం? నాకు కనపడలేదే. యాడ?"

ఆయన వేళ్ళు చాచి ఆకాశమంతా వెతుకుతున్నాడు. నోటితో చెప్పాను, ఆ కొండ కొన మీద, దానికి రెండు చేతుల పైకి అని. అందలేదు. ఈ రకం కెమెరాతో ఒక ఇబ్బంది ఉంది. అంత దగ్గరికి లాక్కున్నాక ఒక్కసారి కన్ను తీసి దించామంటే మళ్ళీ ఆ విమానం దొరకదు.

దించేశాను. కెమెరా మెడకి వేలాడేసి, ఆయన వెనక్కి వెళ్ళి, చాచిన ఎడమ మణికట్టు పట్టుకుని, ఒకటో తరగతి పిల్లవాడి చేత అక్షరం దిద్దించినట్టు జరిపి ఆ రెండు వేళ్ళ సందున విమానాన్ని పెట్టాను. అదిగో అన్నాను. తాంబాళం తిరిగింది. తళుకు ముందు ఆయన మోచేతి మీద, తర్వాత అరచేతి మీద, చివరికి వేళ్ళ మీద పడి నిలిచింది. ఒకసారి. తీసి మళ్ళీ. నాలుగుసార్లు మెరిపించాడు, విమానం ఎడమకి జరిగేకొద్దీ వేళ్ళు దానితోపాటు జరుపుతూ. అప్పటిదాకా గుట్ట మీద ఒక్క చప్పుడు లేదు.

తర్వాత చప్పుడు వచ్చింది, మా కుడి వైపు నుంచి, ఎప్పుడో దాటేసిన చోటి నుంచి. ఆయన అటు తిరగలేదు. వేళ్ళు చాచి, విమానం సన్నటి గీతై కొండ వెనక మాయమయ్యేదాకా ముందుకే చూస్తూ ఉన్నాడు. చెయ్యి దించాక ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నాకూ ఉన్నాయి, దాచుకోవడం దేనికి.

"కనపడుంటాదంటావా?" అని అడిగాడు.

తెలీదన్నాను. పైన ఆవిడ ఎడమ కిటికీ దగ్గరే కూర్చుందో లేదో, అసలు కిందికి చూసిందో లేదో, నేను చెప్పగలిగింది కాదు. ఫొటో వచ్చిందా అని అప్పుడు అడిగాడు. రాలేదన్నాను. ఆయన ముఖం పడిపోయింది. మెరుపు ఆవిడకి చేరిందో లేదో తెలియదు, ఆయన దగ్గర సాక్ష్యమైతే కచ్చితంగా లేదు. కిందికి దిగేదాకా ఆ తప్పు నాదేనని నా మనసు పీకుతూనే ఉంది. కబురు తెలిస్తే చెప్పమని నా నంబరు ఇచ్చి బస్సెక్కాను.

చిత్తూరు: సంగటి ముద్ద

చిత్తూరులో నాకు వేరే పని లేదు, మర్నాటి రైలుకి అదే దారి. మధ్యాహ్నం బస్టాండు దగ్గర ఒక మెస్సులో రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, అంటే మన వేరుశనగ పచ్చడి, పెట్టించుకున్నాను. సంగటి నమిలి తినకూడదట, ముద్ద అద్దుకుని మింగాలట. నేను నములుతుంటే వడ్డించే ఆవిడ నిలబడి, బిడ్డకి నేర్పించినట్టు నేర్పింది. ఎనభై రూపాయలకి మా వైపు పెళ్ళి భోజనమంత పెట్టారు. మామూలప్పుడు అయితే దాని మీదే ఒక పేజీ రాసేదాన్ని, ఆ రోజు మాత్రం కన్ను ఫోన్ మీదే ఉంది. మెస్సులోంచి గదికి, గదిలోంచి మళ్ళీ టీ కొట్టుకి తిరిగాను. ఈలోగా ఒక విమానం చప్పుడు వినిపిస్తే కెమెరా కూడా తీయలేదు.

నాలుగు దాటాక చెంగల్రాయులు దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయన గొంతు కాదు. ఆడగొంతు, వెనకాల సందడి, సంచులు లాగుతున్న చక్రాల మోత.

"ఇదో, దిగినాను. కనపడినావు. కోట పక్క గుట్ట మింద చుక్క మాదిరి మూడు తూర్లు మెరిసింది. పక్క సీటామెను లేపి సూపించినా, అదో మా ఆయన అని. ఆరేండ్లు నిన్ను అబద్ధాలోడివి అనుకున్నా. నువ్వు తిని పొయ్యి ముట్టించు, పో."

టీ కొట్టు ముందు నిలబడి అది మూడుసార్లు విన్నాను. టీ చల్లారిపోతే కొట్టతను అడక్కుండానే ఇంకోటి పోసిచ్చాడు.

ఇంటికొచ్చాక మావారు ఫొటోలు చూపించమన్నారు. మసక విమానం ఒకటి, ఎవరైనా తీయగలిగే రేణిగుంట విమానాలు రెండు. వెళ్ళింది వీటికా అన్నారు. ఔనన్నాను. కార్డులో చోటు కోసం పనికిరానివి చెరిపేస్తుంటే తిరుపతి నలభై మూడూ వచ్చాయి. అన్నీ చెరిపేసి ఒక్కటి ఉంచుకున్నాను. అందులో ఏమీ లేదు, ఉత్త నీలం. ఆరేళ్ళపాటు ఒక మనిషి తోమిన తాంబాళం ఎత్తి, నేనిక్కడున్నానని చెప్పుకున్నది ఆ ఆకాశానికే.